ఇంజన్ హోరెత్తినా కారు ఎందుకు కదలదు?

భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల కొండెక్కే పాత అంబాసడర్ కారు ఒక్కోసారి హోరెత్తిపోతుంది, వేగం మాత్రం అందుకోదు. తప్పు ఇంజన్‌దేనా పిల్లలూ? ఇంజన్ తిరుగుడును గేర్లకు అందించేది మధ్యలోని క్లచ్ ప్లేటు. స్ప్రింగుల బలం దాన్ని ఇంజన్ చక్రానికి అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కితే పట్టు సడలుతుంది, వదిలితే ప్లేటు కాస్త జారి, రాసుకుని, మళ్లీ పట్టుకుంటుంది. ఆ రాపిడికే దాని రెండు వైపులా ఉన్న లైనింగ్ చెప్పు అడుగులా అరుగుతుంది. బాగా అరిగితే ఇక పట్టు దొరకదు.

ఇనుముతోనే చేస్తే అరగదుగా అంటారా? ఇనుము మీద ఇనుము రాసుకుంటే రెండూ గీసుకుపోతాయి. ఖరీదైన చక్రం చెడేకన్నా చవకైన లైనింగ్ అరగడమే నయం. 2014లో అంబాసడర్ తయారీ ఆగిపోయింది గనక పాత ప్లేటును బాగుచేసుకోవడమూ తెలివైన పనే. మెకానిక్ రివెట్లు తొలిచి, అరిగిన లైనింగ్ తీసేసి కొత్తది బిగిస్తాడు. రివెట్ తలలు మాత్రం లోపలికి దిగి ఉండాలి, లేదంటే చక్రాన్ని గీకేస్తాయి. చమురు మరక పడిందా, కొత్త లైనింగైనా జారుతుంది!