ఉప్పునీటి తొట్టిలో మరలివచ్చు గోధుమవన్నె పాచి

సముద్రపు చేపలను బెంచు గాజుతొట్టిలలో గోధుమవన్నె పాచి యొకటి గోకిన నాలుగు దినములకే మరల గట్టుచుండును. పగడపు జీవములున్నచో వానిని గప్పి హాని సేయును. ఇది డయాటములనెడు సూక్ష్మజీవుల పూత. వీని కవచము సిలికాతో నిర్మితము.

క్రొత్త తొట్టియందిది సాధారణముగ కొన్ని వారములలో దానంతటనదే తగ్గును. అప్పుడు మందులు కొనుట వృథావ్యయము. పాత తొట్టియందును విడువక వచ్చుచున్నచో, మొదట శంకింపవలసినది మనము పోయు నీటినే. రాతినేలల బావినీటియందు సిలికా కరిగియుండును. తొట్టినుండి నీరు మాత్రమే యావిరియగును, సిలికా నిలిచిపోవును. తరిగినప్పుడెల్ల బావినీరు పోసినచో పాచికి మేత కూడుచునే యుండును. ఎంత గోకినను ఫలము లేదు. కావున ఆర్.ఓ. యంత్రముచే శుద్ధమైన నీటినే పోయవలెను. ఉప్పు కలుపుటకును ఆ నీరే తగును. యంత్రములోని పొర పాతబడినచో సిలికా దాటివచ్చును గనుక పొరను సకాలమున మార్చవలెను. చేపలు తినగా మిగిలిన మేత క్రుళ్లి పాచికి బలమిచ్చును, మితముగ వేయుడు.

మన తీరపు రొయ్యల రైతులకు మాత్రము డయాటములు శత్రువులు కావు. హేచరీలలో రొయ్యపిల్లలకు నివియే తొలి మేత. చెరువునీటికి గోధుమవన్నె వచ్చిన వారు సంతసింతురు.