ఫోర్ వీల్ లివర్ ఎందుకు పట్టేస్తుంది?

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లవాళ్లు మెకానిక్ దగ్గర చెప్పుకునే ఇబ్బందుల్లో ఒకటి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. బురదలో ఫోర్ వీల్ వేస్తే బాగానే పడింది, తారు రోడ్డెక్కాక తీద్దామంటే లివర్ రావడం లేదు. క్లచ్ తొక్కి గుంజుతారు, ఇంకొకర్ని పిలిచి గుంజిస్తారు. ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె, పోయిందని దిగులు పడతారు. చాలాసార్లు లోపల విరిగిందీ లేదు, అరిగిందీ లేదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఒక మెలి చిక్కుకుని ఉంటుంది. ఆ మెలి సంగతి ఈ యంత్రం పుట్టినప్పటి నుంచీ ఇంజనీర్లకు తెలుసు.

1893లో బ్రామా జోసెఫ్ డిప్లాక్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఆవిరి ట్రాక్షన్ ఇంజన్‌కు నాలుగు చక్రాల డ్రైవ్ రూపొందించి పేటెంట్ తీసుకున్నాడు. అందులో మూడు డిఫరెన్షియల్స్, అంటే రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికలు, ఉన్నాయి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. మూడోది ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య. మలుపులో ముందు జత కూడా వెనక జత కంటే ఎక్కువ దూరమే పోతుంది. ఆ తేడాకు కూడా దారి ఉండాలని పెట్రోలు బండ్లు ఇంకా రోడ్ల మీద అరుదుగా కనబడే రోజుల్లోనే ఆలోచించిన మనిషి అతను. 1903లో హాలెండ్‌లోని స్పైకర్ సంస్థ నాలుగు చక్రాలకూ శక్తి అందే పెట్రోలు కారు చేసింది. 1908 ప్రాంతంలో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ ఊళ్లో ఒట్టో జాకౌ, విలియం బెసర్‌డిక్ తిప్పగలిగే ముందు చక్రాలకు కూడా శక్తి పంపే కీలు తయారు చేశారు. వాళ్ల లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ బురదలో సామాను మోశాయి.

తర్వాత జీపు వచ్చింది. 1940లో అమెరికా సైన్యం ఒక చిన్న స్కౌట్ బండి కావాలని అడిగితే, కార్ల్ ప్రోబ్స్ట్ గీసిన నమూనాతో బాంటమ్ కంపెనీ తొలి బండిని సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలాబర్డ్ స్థావరానికి చేర్చింది. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. వాటి ట్రాన్స్‌ఫర్ కేసులో మూడో డిఫరెన్షియల్ లేదు. ఒక లివర్ వేస్తే ముందు ఇరుసుకు శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టూ వెనక ఇరుసు షాఫ్టూ ఒకదానికొకటి బిగిసి, ఒకే వేగంతో తిరుగుతాయి.

మూడో డిఫరెన్షియల్ వదిలేయడం సరైన పనేనని నా నమ్మకం. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక గుణం ఉంది: ఏ వైపు సులువుగా తిరిగితే ఆ వైపుకే శక్తిని వదిలేస్తుంది. మధ్యలో అలాంటిది పెడితే, ఒక్క చక్రం బురదలో జారినా మిగతా మూడూ నిలబడిపోతాయి. రెండు షాఫ్టులనూ బిగించేస్తే ఏ జతకు పట్టు దొరికితే ఆ జత బండిని లాగుతుంది. పైగా పెట్టె చిన్నది, తేలిక, యుద్ధకాలంలో వేగంగా తయారవుతుంది. బురదలో, ఇసకలో చక్రం ఎలాగూ కాస్త జారుతుంది కాబట్టి ముందు వెనక జతల దూరాల తేడా అక్కడే తీరిపోతుంది. తారు మీద మాత్రం తీరదు. అందుకే పొడి గట్టి రోడ్ల మీద ముందు ఇరుసు డ్రైవ్ తీసేయమని డాష్‌బోర్డు మీది రేకు పలకలోనే రాసి పెట్టారు.

ఆ తేడా ఎంతో లెక్క కట్టి చూడండి. పాత జీపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే సుమారు 2.03 మీటర్లు. వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం దాదాపు 5.4 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఒక్క సందు మలుపులో, అంటే 90 డిగ్రీల్లో, వెనక జత 7.85 మీటర్లు పోతే ముందు జత 8.48 మీటర్లు పోవాలి. తేడా 62 సెంటీమీటర్లు. ఆ టైరు చుట్టుకొలతలో ఇది పావు చుట్టు కంటే కాస్త ఎక్కువ. జీపు ఇరుసుల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన టైర్లు జారకపోతే, రెండు షాఫ్టుల మధ్య ఒకటింబావు చుట్టుకు పైగా తేడా రావాలి. అవి బిగించి ఉన్నాయి కాబట్టి రావడానికి వీల్లేదు. టైరు రోడ్డు మీద కీచుమని ఈడ్చుకుంటుంది, బండి కుదుపుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఈడ్చుకోగా మిగిలినది షాఫ్టుల్లో మెలిగా నిలిచిపోతుంది.

పెట్టె లోపల రెండు షాఫ్టులనూ కలిపేది ఒక ఉక్కు స్లీవ్. దాని లోపలి గాట్లు షాఫ్టు మీది స్ప్లైన్ల, అంటే పొడవాటి పళ్ల, మీదుగా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఒక ఫోర్క్ దాన్ని పట్టుకుని ఉంటుంది, ఆ ఫోర్క్‌ను లివర్ కదిలిస్తుంది. మెలి ఉన్నంతసేపూ ప్రతి గాటు చెంపా ఎదుటి పంటి చెంపను నొక్కి పట్టుకుంటుంది. ఆ రాపిడి ముందు మన చేతి బలం చాలదు. ఇంకా గట్టిగా గుంజితే వంగేది ఫోర్క్, లేదా లివర్ కడ్డీ. నిజమైన రిపేరు అప్పుడు మొదలవుతుంది.

కాబట్టి చేయాల్సింది మెలి విప్పడం. మలుపులో ముందుకు పోయినప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం ముందుకు పోవాలనుకున్నాయి. అదే మలుపులో రివర్స్ చేస్తే ఎక్కువ దూరం వెనక్కి పోవాలనుకుంటాయి, మెలి తిరగబడి విప్పుకుంటుంది. స్టీరింగ్ ఏ వైపు తిప్పినా ఫలితం ఒకటే. చుట్టూ ఖాళీ చూసుకుని, లివర్‌ను టూ వీల్ వైపు తేలిగ్గా నొక్కి పట్టుకుని, రెండు మూడు మీటర్లు నెమ్మదిగా రివర్స్ పోనివ్వండి. మెలి సున్నా దాటే క్షణంలో స్లీవ్ దానంతటదే జారుతుంది. రోడ్డు పక్కన కంకరో మట్టో ఉంటే రెండు చక్రాలు అందులోకి దింపి కొద్ది దూరం తిన్నగా పోయినా చాలు. జాకీ వేసి ఒక చక్రం ఎత్తడం చిట్టచివరి మార్గం. టైరు నేల వదిలే క్షణంలో మెలి ఒక్కసారిగా విడిపోయి చక్రం గిర్రున తిరగవచ్చు. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద, కాబట్టి వెనక చక్రం ఎత్తితే అది బండిని పట్టి ఉంచలేకపోవచ్చు. కేసు న్యూట్రల్లో ఉంటే మొదటి గేరు కూడా బండిని ఆపలేదు. చక్రాలకు అడ్డుపెట్టకుండా జాకీ జోలికి వెళ్లవద్దు.

రివర్స్ చేసినా రెండు రోజుల్లో మళ్లీ పట్టేస్తోందంటే టైర్లు చూడండి. ముందు కొత్త జత, వెనక అరిగిన జత ఉంటే, చుట్టుకొలతలో 1 శాతం తేడా కూడా కిలోమీటరుకు 10 మీటర్ల తేడా అవుతుంది. తిన్నగా పోయినా మెలి చుట్టుకుంటూనే ఉంటుంది. నాలుగూ సమానంగా ఉండి, మట్టిలో కూడా లివర్ రాకపోతే అప్పుడు పెట్టెను అనుమానించాలి: తుప్పు పట్టిన లింకులు, తక్కువైన లేదా వేరే రకం ఆయిల్, అరిగిన ఫోర్క్. బటన్‌తో మారే బండ్లలో షిఫ్ట్ మోటారు, దాని సెన్సరు. వాక్యూమ్‌తో పనిచేసే వాటిలో పగిలిన రబ్బరు పైపు. డాష్‌బోర్డు లైటు ఆరిపోయినంత మాత్రాన డ్రైవ్ విడిపోయిందని నమ్మవద్దు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే, కుదుపు ఉందో లేదో బండే చెబుతుంది.

డిప్లాక్ మూడో డిఫరెన్షియల్ మాయం కాలేదు. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో అది ఎప్పుడూ పనిచేసేది, బురదలో మాత్రం దాన్ని బిగించేసే వీలుండేది. మన దగ్గర జనం కొనే ఫోర్ వీల్ థార్‌లో, 2023లో వచ్చిన జిమ్నీలో ఆ డిఫరెన్షియల్ లేదు, జీపు పద్ధతే. వరి మడుల్లో దమ్ము చేసే ఫోర్ వీల్ ట్రాక్టర్లది ఇంకో అడుగు ముందున్న కథ. వాటి ముందు చక్రాలు వెనక వాటికంటే 1 నుంచి 5 శాతం ఎక్కువ వేగంతో తిరిగేలా కావాలనే చేస్తారు. మడిలో అది బండిని ముందుకు లాగుతుంది. ట్రాక్టరు రోడ్డెక్కితే మలుపు అక్కర్లేదు, తిన్నగా పోతున్నా మెలి పడుతుంది, ముందు టైర్లు అరిగిపోతాయి.

మడి గట్టు దాటగానే, బురద రోడ్డు అయిపోగానే, తారు తగలకముందే లివర్ మార్చేయండి. ఎండాకాలమంతా టూ వీల్‌లోనే తిరిగే బండినైతే నెలకోసారి మట్టి దారిలో కొన్ని కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపండి. ఆయిల్ అన్ని పళ్లకూ అంటుతుంది, వానాకాలంలో లివర్ సులువుగా పడుతుంది.