ఉరుముల సందున... ఓ గొంతు!

గర్ర్ర్... ఫట్... చిటపట... మధ్యలో లీలగా ఓ గొంతు. 'విక్టర్ యూనిఫామ్ టూ...' తర్వాతి అక్షరం చెప్పేలోగా మళ్లీ ఫట్! ఆ అక్షరం చెవిన పడితే పాయింట్లు. లేదంటే మళ్లీ మొదటికే. జులైలో ఓ రాత్రంతా హామ్ రేడియో ప్రియులు నిద్ర మానుకుని ఆడే ఆట ఇది.

ఏమిటీ పోటీ?
1925లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ దీన్ని నిర్వహిస్తోంది. పేరు ఐఏఆర్‌యూ హెచ్ఎఫ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్. మన కాలమానంలో జులై రెండో శనివారం సాయంత్రం 5.30కి మొదలై, మర్నాడు అదే సమయానికి ముగుస్తుంది. మోర్స్ కోడ్ జోలికి పోకుండా మాటలతోనే తలపడేవారికి వేరే విభాగం ఉంది. అవతలివారికి సిగ్నల్ ఎలా ఉందో చెప్పాలి, తమ జోన్ నంబరు ఇవ్వాలి. అంతే! హైదరాబాద్, విజయవాడల జోన్ 41. సొంత జోన్‌లోని వారితో మాట్లాడితే 1 పాయింటు, ఆసియాలోనే వేరే జోన్ అయితే 3, మరో ఖండమైతే 5.

సరదా ఏమిటంటే, ఎంత గరగరలాడినా అందరూ ఇచ్చే మార్కులు 'ఫైవ్ నైన్'. అంటే బ్రహ్మాండంగా వినిపిస్తోందని అర్థం. ఆ వెంటనే 'మీ కాల్‌సైన్ మళ్లీ చెప్పండి' అని అడుగుతారు!

ఎక్కడో పిడుగు... ఇక్కడ ఫట్
జులై మనకు వానాకాలం. యూరప్, అమెరికా, జపాన్‌లకు నడివేసవి. అంతటా ఉరుములే. మెరుపు మెరిసినప్పుడల్లా రేడియో తరంగాలూ పుడతాయి. రాత్రిపూట అవి అయనావరణం మీద పరావర్తనం చెంది వేల కిలోమీటర్లు వెళతాయి. అందుకే మన ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా హెడ్‌ఫోన్లలో చిటపటలు వినిపిస్తాయి. 80, 40 మీటర్ల బ్యాండ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. దాంతో చాలామంది 20 మీటర్లకు మారిపోతారు. అక్కడా వినపడకపోతే రిసీవర్ గెయిన్ తగ్గిస్తారు, ఫిల్టర్‌ను సన్నం చేస్తారు. 'బి'కీ 'డి'కీ తేడా తెలిసేలా బ్రావో, డెల్టా అంటూ విడమరిచి చెబుతారు.

ఇంట్లోనూ శత్రువులే
నాసిరకం ఎల్ఈడీ బల్బు, సెల్ ఛార్జర్, ఇన్వర్టర్... ఇవీ రేడియోలో రొద పెడతాయి. అందుకే పోటీ రాత్రి ఇంట్లోవాళ్లను బతిమాలి ఒక్కో స్విచ్చే కట్టేయించాల్సి వస్తుంది. ఉరుము ఊరి మీదికే వస్తే మాత్రం బతిమాలడాల్లేవు. యాంటెన్నా తీగ పీకేసి లేవాల్సిందే. పాయింట్లు రేపైనా వస్తాయి, ప్రాణం రాదు.

ఆ చెవే ఆదుకుంది
2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం ఒకటి భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లను పలకరించడమే వాళ్ల పని. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పటిదాకా సరదాగా మోగిన ఆ సెట్లే దీవుల క్షేమ సమాచారాన్ని బయటికి చేరవేశాయి.

అలాంటి రోజున 'మళ్లీ చెప్పండి' అనేందుకు అవతల బ్యాటరీ మిగిలి ఉండకపోవచ్చు. ఒక్కసారి విన్నప్పుడే పేరూ, ఊరూ తప్పు లేకుండా రాసుకోవాలి. జులై రాత్రి చిటపటల్లో హామ్‌లు సాధన చేసేది సరిగ్గా అదే!