కార్డులో ఉండిపోయిన చేబదులు

వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. పాలు, గుడ్లు, మ్యాగీ తెచ్చుకుంటాం. అంకుల్ పుస్తకంలో రాసుకుంటాడు. ఒకటో తారీఖు తర్వాత నాన్న వెళ్లి కట్టేస్తాడు. అప్పు ఇచ్చేది కొట్టు, తీసుకునేది మనం. ప్రీపెయిడ్ స్టోర్ కార్డు ఈ లెక్కని తిరగేస్తుంది. డబ్బు ముందు ఇస్తాం, సరుకు తర్వాత ఎప్పుడో తీసుకుంటాం. ఈలోపు మన డబ్బు షాపు దగ్గర ఉంటుంది, వడ్డీ ఏమీ రాదు. ఇలా ఇచ్చేదాన్ని మా నానమ్మ చేబదులు అంటుంది. కార్డు మీద పెంగ్విన్ బొమ్మ ఉన్నా, కుందేలు బొమ్మ ఉన్నా లోపల జరిగేది మాత్రం చేబదులే.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మన సీనియర్లు కొంతమంది ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్తున్నారు. మా క్లాసులో ఇద్దరు జపాన్ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశారు. అక్కడ దిగిన రెండో రోజే ఎవరో ఒకరు ఒక కార్డు చేతిలో పెడతారు, ఇంకొకరు పాయింట్స్ యాప్ డౌన్‌లోడ్ చేసుకోమంటారు. ఇక్కడ క్యూఆర్ స్కాన్ చేసి చాయ్ తాగే అలవాటున్న మనకి ఆ రెండూ కొత్తే. యూపీఐ సింగపూర్, యూఏఈ లాంటి కొన్ని చోట్ల మొదలైందిగానీ, ఊరూరా ప్రతి కొట్టులో నడుస్తుందనుకుని ఫ్లైట్ ఎక్కితే కష్టం.

ఈ కార్డుల మీద నాకు ఆసక్తి కలిగించింది మా బాబాయి. ఫిల్మ్‌నగర్‌లో ఉంటాడు, కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. పాట షూటింగ్‌కి యూనిట్ విదేశాలకి వెళ్తే బాబాయి లాంటి వాళ్లకి రోజుకింత అని బేటా ఇస్తారు, ఎక్కువగా ఆ దేశపు నోట్లలోనే. అందులో తిండికి పోగా మిగిలేది ఇంటికొస్తుంది. అందుకే వాళ్ల భోజనం రెస్టారెంట్‌లో కాదు, కన్వీనియెన్స్ స్టోర్‌లో. జపాన్‌లో దొరికే ఓనిగిరికి బాబాయి పెట్టిన పేరు "గోంగూర లేని అన్నం ముద్ద". అలా తిని మిగుల్చుకున్న డబ్బులో కొంత కార్డులో ఇరుక్కుపోతే, అది మన పాకెట్ మనీ పోయినట్టు కాదు. పిన్ని లెక్కలో అది గ్యాస్ సిలిండర్.

బాబాయి దగ్గర మూడు కార్డులున్నాయి: టోక్యో సూయికా, హాంకాంగ్ ఆక్టోపస్, బ్యాంకాక్ రాబిట్. "ఏరా, నువ్వు కంప్యూటర్స్ కదా, ఇందులో డబ్బులున్నాయో లేవో ఇక్కడ్నుంచే చెప్పగలవా?" అన్నాడు. సూయికా విషయంలో చెప్పొచ్చు. అందులో ఉండేది సోనీ తయారుచేసిన ఫెలికా చిప్. బ్యాటరీ ఉండదు, రీడర్ దగ్గర పెట్టినప్పుడు రీడర్ నుంచే కరెంటు తీసుకుంటుంది. బ్యాలెన్స్ సంఖ్య చిప్‌లోనే ఉంటుంది, చివరి 20 లావాదేవీలు కూడా. ఆ భాగం చదవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు కాబట్టి ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోన్‌లో ఒక ఫ్రీ యాప్ వేసుకుంటే చాలు. చదవగలమంతే, మార్చలేం. (అడగబోయేవాళ్లకి ముందే చెప్తున్నా.) ఫిల్మ్‌నగర్‌లో మంచం మీద కూర్చుని ఫోన్ ఆనిస్తే 2019 ఏప్రిల్ తేదీలు వరసగా వచ్చాయి. రైలు, షాపు, షాపు, రైలు. చివర్లో 1,340 యెన్‌లు.

సూయికాని తూర్పు జపాన్ రైల్వే కంపెనీ, అంటే జేఆర్ ఈస్ట్, 2001 నవంబర్‌లో మొదలుపెట్టింది. రద్దీ టైమ్‌లో గేటు దగ్గర మనిషి ఆగకూడదు కాబట్టి 0.2 సెకన్లలో పని అయిపోవాలని పెట్టుకున్నారు. బ్యాలెన్స్‌ని కార్డులోనే ఉంచడానికి అదొక ముఖ్యమైన కారణం. ప్రతిసారీ దూరంగా ఉన్న సర్వర్‌ని అడిగి జవాబు కోసం ఆగక్కర్లేదు. అదే కార్డుని తర్వాత కన్వీనియెన్స్ స్టోర్లూ తీసుకోవడం మొదలుపెట్టాయి. మన మెట్రో కార్డుతో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగి, కింద ఏ కొట్టులోనైనా సమోసా కొనుక్కోగలిగితే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

ఇక డబ్బు వెనక్కి తెచ్చుకోవడం. కార్డు తీసుకున్నప్పుడు 500 యెన్‌ల డిపాజిట్ కడతాం. తిరిగిచ్చేస్తే డిపాజిట్ మొత్తం వస్తుంది, బ్యాలెన్స్‌లోంచి మాత్రం 220 యెన్‌ల ఫీజు పట్టుకుంటారు. బాబాయి కార్డు ఈరోజు టోక్యోలో ఇస్తే 1,340లో 220 పోయి 1,120, దానికి 500 కలిపి 1,620 యెన్‌లు. మన డబ్బుల్లో సుమారు 900 రూపాయలు. ఇక్కడే ఒక కిటుకుంది. బ్యాలెన్స్ సున్నా అయితే ఫీజు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, 500 పూర్తిగా ఇచ్చేస్తారు. కాబట్టి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లేముందు స్టోర్‌లో ఆ బ్యాలెన్స్ మొత్తం ఖర్చు పెట్టేయాలి. కొన్నదాని ధర బ్యాలెన్స్ కంటే ఎక్కువైనా పర్లేదు, చాలా కన్వీనియెన్స్ స్టోర్లలో కార్డులో ఉన్నంత తీసుకుని మిగిలింది క్యాష్‌గా తీసుకుంటారు. తర్వాత ఖాళీ కార్డు తీసుకెళ్లి కౌంటర్‌లో ఇవ్వాలి.

ఆ కౌంటర్ ఎక్కడుందన్నది కూడా చూసుకోవాలి. సూయికా ఒసాకాలోనూ పనిచేస్తుంది, కానీ ఒసాకాలో రిఫండ్ ఇవ్వరు. అక్కడ రైళ్లు నడిపేది జేఆర్ వెస్ట్, వాళ్ల కార్డు వేరే. టోక్యోలో దిగి, ఊళ్లు చూసుకుంటూ ఒసాకా నుంచి ఫ్లైట్ ఎక్కేవాళ్లు టోక్యో వదిలేముందే ఇచ్చేయాలి, లేదా మొత్తం ఖర్చుపెట్టి కార్డు దాచుకోవాలి. చివరిసారి వాడిన రోజు నుంచి పదేళ్లు చెల్లుతుంది. పేరు రిజిస్టర్ చెయ్యని మామూలు సూయికా అయితే ఇంకొకరు వాడుకోవచ్చు. కాబట్టి జపాన్ వెళ్లేవాళ్లు ముందు ఇంట్లో, చుట్టాల్లో అడిగి చూడండి. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబర్‌లో అక్కడ రిలీజై ఆడిన దగ్గర్నుంచి మావైపు జపాన్ మాట ఎక్కువైంది, ఎవరి సొరుగులోనైనా ఒకటి దొరకొచ్చు.

టూరిస్టుల కోసం ఎర్రటి వెల్‌కమ్ సూయికా అని ఇంకోటి ఉంది. డిపాజిట్ లేదు కదా అని అందరూ అదే తీసుకుంటారు. 28 రోజులే చెల్లుతుంది, మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి ఇవ్వరు. వారం ట్రిప్‌కి బానే ఉంటుంది. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి పనికిరాదు.

హాంకాంగ్ ఆక్టోపస్ దీనికంటే పెద్దది వయసులో, 1997 సెప్టెంబర్‌లో వచ్చింది. అందులోనూ ఫెలికానే. నాకు నచ్చిన విషయమేంటంటే అది మైనస్‌లోకి వెళ్లనిస్తుంది. డిపాజిట్ 50 హాంకాంగ్ డాలర్లు, బ్యాలెన్స్ కొద్దిగా ఉన్నా చాలు, చివరి ఖర్చుని మైనస్ 50 దాకా ఒప్పుకుంటుంది. మనం ఎగ్గొట్టి వెళ్లిపోయినా వాళ్లకి నష్టం లేదు, డిపాజిట్ ఉందిగా. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ ఆలోచించి పెట్టుకున్న లెక్క ఇది. కొరియా టీ-మనీ అయితే కార్డు ధర వెనక్కి రాదు, కానీ బ్యాలెన్స్ 20 వేల వాన్‌ల లోపు ఉంటే కన్వీనియెన్స్ స్టోర్‌లోనే 500 వాన్‌లు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

ఇవన్నీ రైలు కంపెనీల నుంచో, రవాణా వైపు నుంచో వచ్చిన కార్డులు కాబట్టి కొంత నయం. షాపు సొంతంగా ఇచ్చే కార్డు ఇంకా గట్టి పిండం. జపాన్ సెవెన్-ఎలెవెన్ వాళ్ల నానాకో కార్డు తీసుకుందాం. కార్డుకి మామూలుగా 300 యెన్‌లు, తిరిగి రావు. అందులో వేసిన డబ్బు కూడా మామూలుగా క్యాష్‌గా వెనక్కి ఇవ్వరు. బదులుగా పాయింట్లు: 200 యెన్‌లకి ఒక పాయింట్, ఒక పాయింట్ ఒక యెన్. అంటే అర శాతం. కార్డు ధర 300 రాబట్టుకోవాలంటే 60 వేల యెన్‌ల సరుకు కొనాలి. ఒక్కోటి 150 యెన్‌లనుకుంటే 400 గోంగూర లేని అన్నం ముద్దలు! అక్కడే చదువుకునేవాళ్లకి సరే, నెల రోజులకి వెళ్లేవాళ్లకి ఆ కార్డుతో పనేముంది? పైగా 2019 జులైకి ముందు ఇదే కార్డుకి 100 యెన్‌లకే ఒక పాయింట్ వచ్చేది. మధ్యలో సగానికి తగ్గించారు.

పాయింట్లకీ బ్యాలెన్స్‌కీ ఉన్న తేడా ఇదే. బ్యాలెన్స్ మనమిచ్చిన డబ్బు. పాయింట్ షాపువాడు ఇస్తానన్న మాట, ఆ మాటకి రేటు పెట్టేదీ వాడే. చిల్లర లేదని కిరాణా అంకుల్ చాక్లెట్ చేతిలో పెట్టేవాడు గుర్తుందా? రూపాయికి ఇచ్చిన ఆ చాక్లెట్‌ని మర్నాడు తిరిగిచ్చి రూపాయి వస్తువు ఇమ్మంటే నవ్వుతాడు. పాయింట్ కొంచెం అలాంటిదే. కాకపోతే చాక్లెట్ కనీసం తినొచ్చు, పాయింట్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది. దానికి ప్రతిగా మనం రోజూ ఏ టైమ్‌కి ఏం కొంటున్నామో, ఎక్కడ తిరుగుతున్నామో వాళ్ల డేటాబేస్‌లోకి వెళ్తుంది. కొన్ని యాప్‌లు అక్కడి ఫోన్ నంబర్ లేకపోతే రిజిస్టరే అవ్వనివ్వవు. జపాన్ స్టోర్‌లో బిల్లు వేసేముందు "పాయింతో కాదో వ ఒమోచి దెస్ క" అని వినిపిస్తే పాయింట్ కార్డు ఉందా అని అడుగుతున్నారన్నమాట. లేదంటే "దైజోబు దెస్" అని చెయ్యి అడ్డంగా ఊపితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంతకీ ఇచ్చినవాడు దివాలా తీస్తే మన చేబదులు ఏమవుతుంది? జపాన్‌లో 2010 నుంచి ఒక చట్టం ఉంది. ఏటా మార్చి 31న, సెప్టెంబర్ 30న లెక్క చూసి, జనం ఇంకా వాడని బ్యాలెన్స్ కోటి యెన్‌లు దాటితే అందులో కనీసం సగం ఆ కంపెనీ విడిగా డిపాజిట్ చెయ్యాలి. కంపెనీ మునిగితే కార్డులున్నవాళ్లకి అందులోంచి ఇస్తారు. ఊరికే ఇచ్చిన పాయింట్లకి ఈ రక్షణ లేదు.

మన దగ్గర రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రకరకాల షాపుల్లో చెల్లే వాలెట్ నడిపే కంపెనీ (బ్యాంక్ కాకపోతే) ఆ డబ్బుని బ్యాంక్‌లో ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, చివరిసారి డబ్బు వేసిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లుబాటు ఇవ్వాలి. కానీ ఒక కంపెనీ తన సొంత షాపుల్లోనే చెల్లేలా ఇచ్చే కార్డుకి రిజర్వ్ బ్యాంక్ అనుమతే అక్కర్లేదు. జూబ్లీహిల్స్ కాఫీ షాపు కార్డు, మాల్‌లో గేమింగ్ జోన్ కార్డు ఈ రెండో లెక్కలోకి వచ్చే రకం. బర్త్‌డే పార్టీ అయ్యాక మన పర్సుల్లో 80 రూపాయలతోనో 140తోనో ఉండిపోయే కార్డులు ఇవే. ఆ 80 కోసం ఎవరూ తిరిగి వెళ్లరు, వాళ్లకీ తెలుసు.

ఎంత బాగా తెలుసంటే, అమెరికాలో దానికి అకౌంటింగ్ పేరే ఉంది, బ్రేకేజ్. కస్టమర్లు ఇక ఎప్పటికీ వాడరని అంచనా వేసి ఆదాయంలో కలుపుకునే బ్యాలెన్స్ అది. స్టార్‌బక్స్ 2022, 2023 వార్షిక నివేదికల్లో ఈ పద్దు కింద చూపించింది ఏడాదికి సుమారు 20 కోట్ల డాలర్లు. కాఫీ పొయ్యకుండా వచ్చిన కాఫీ డబ్బులు!

అమెరికా వెళ్లే సీనియర్లకి ఇదే ముఖ్యం. డాలస్ పక్కన అర్వింగ్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, సెవెన్-ఎలెవెన్ హెడ్ ఆఫీసు కూడా ఆ ఊళ్లోనే. 2009 చట్టం ప్రకారం అక్కడ గిఫ్ట్ కార్డు, స్టోర్ కార్డులో వేసిన డబ్బు కనీసం ఐదేళ్లు చెల్లాలి. ఏడాదిపాటు అస్సలు వాడకపోతే తప్ప, వాడలేదన్న కారణంతో ఫీజు కొయ్యకూడదు. కాలిఫోర్నియాలో బ్యాలెన్స్ చిన్న మొత్తం మిగిలితే క్యాష్‌గా ఇమ్మని అడిగే హక్కుంది. రివార్డ్ పాయింట్లకి, ప్రమోషన్‌గా ఊరికే ఇచ్చిన కార్డులకి ఆ ఐదేళ్ల రూల్ వర్తించదు, వాటి తేదీ వాటిదే. "50 డాలర్లు వేస్తే 5 డాలర్లు ఫ్రీ" అన్నప్పుడు ఆ 50కి ఒక గడువు, 5కి ఇంకో గడువు ఉండొచ్చు. చిన్న అక్షరాల్లో రాసుంటుంది, చదవండి. ఇక్కడి బ్యాంక్ కార్డుతో డాలర్లు వేస్తుంటే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం మార్కప్ తీసుకుంటాయి, అప్పుడు ఆ అర శాతం, ఒక శాతం పాయింట్లు ఎటు పోయాయో వెతుక్కోవాలి. అక్కడ బ్యాంక్ అకౌంట్ తెరిచేదాకా ఆగి, అదీ వారానికి సరిపడా మాత్రమే వేసుకోండి. కార్డు ఖాళీ అయింది కదా అని వెంటనే పారెయ్యకండి, దాంతో కొన్న వస్తువు వెనక్కి ఇస్తే చాలా షాపులు డబ్బుని మళ్లీ అదే కార్డులోకి పంపిస్తాయి.