తక్కువ బడ్జెట్‌లో పీసీ అసెంబుల్ చేయిస్తున్నారా..? ‘15 వేలకే ఐ7’ ఆఫర్ నమ్మే ముందు ఇవి చూసుకోండి!

దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చేది, ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్ హడావుడి మొదలయ్యేది దాదాపు ఒకే సీజన్‌లో. కృష్ణా డెల్టాలో చాలా ఇళ్లల్లో "నాన్నా, కంప్యూటర్ ఎప్పుడు కొంటావ్" అనే మాట వినిపించేదీ అప్పుడే. హాస్టల్‌లో ఉండే పిల్లలకైతే ల్యాప్‌టాప్ తప్పదు. కానీ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొచ్చేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకు, ఇంట్లోనే చిన్న డీటీపీ పని పెట్టుకునేవాళ్లకు డెస్క్‌టాపే లాభం. అదే డబ్బుకు ఎక్కువ స్పీడ్ వస్తుంది, ఏదైనా పార్ట్ పోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

అసలు తిప్పలు ఎక్కడంటే.. ఏ పార్ట్ మీద ఎంత పెట్టాలన్న దగ్గర. ఇక్కడ లెక్క తప్పితే రెండేళ్లకే మళ్లీ మొత్తం కొనాల్సి వస్తుంది.

ఐ7 అంటే ఏ ఐ7..?

రీల్స్‌లో, ఆన్‌లైన్ సైట్లలో ఇలాంటి ప్రకటనలు చూసే ఉంటారు. ‘కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ.. కేవలం 15 వేలు’. ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ సగం నిజమే చెబుతారు. ఆ ఐ7 చాలాసార్లు 2011లో వచ్చిన ఐ7-2600 గానీ, 2012లో వచ్చిన ఐ7-3770 గానీ అయి ఉంటుంది. పాత ఆఫీస్ కంప్యూటర్ల నుంచి తీసిన ప్రాసెసర్‌ను, పేరు తెలియని కంపెనీ మదర్‌బోర్డు మీద పెట్టి కొత్త కేబినెట్‌లో అమ్ముతారు.

2022 జనవరిలో వచ్చిన ఐ3-12100 వీటికంటే చాలా వేగంగా పనిచేస్తుంది. పేరులో ఐ3 అని ఉన్నా సరే. అందుకే "ఐ7 ఉందా" అని కాదు, "ఐ7లో ఏ నంబర్" అని అడగండి. కోర్ ఐ సిరీస్‌లో గీత తర్వాత వచ్చే మొదటి అంకెలే జనరేషన్. 2600 అంటే రెండో జనరేషన్, 12100 అంటే పన్నెండోది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఫీచర్ కావాలి. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా సపోర్ట్ ఉంది. విండోస్ 11లో వాలరెంట్ గేమ్ ఆడాలన్నా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ తప్పనిసరి. అంటే ఆ 15 వేల ఐ7 కొన్న రోజే పాతబడిపోయినట్టు.

గుర్తుపెట్టుకోవాల్సిన ఒకే ఒక్క సూత్రం

తర్వాత మార్చడం కష్టమైనవాటి మీద ఇప్పుడు ఖర్చు పెట్టండి. తర్వాత చేర్చుకోగలిగేవాటిని వాయిదా వేయండి.

మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్ మొదటి రకం. గ్రాఫిక్స్ కార్డు, రెండో స్టోరేజ్, అదనపు ర్యామ్, పెద్ద మానిటర్ రెండో రకం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రంగు లైట్ల కేబినెట్ తీసుకుని, దాంతోపాటు ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌తో సరిపెట్టుకుంటారు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి చూడాలి

బడ్జెట్ పీసీకి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది ఇంటెల్ ఐ3-12100. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కోడింగ్, ఆఫీస్ పని, ఆన్‌లైన్ క్లాసులు, మామూలు ఎడిటింగ్‌కు సరిపోతుంది. ఈ బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1700. ఇందులో 12, 13, 14వ జనరేషన్ ప్రాసెసర్లు పడతాయి. రేపు డబ్బులు చూసుకుని ఐ5 వేసుకోవచ్చు, అవసరమైతే బయోస్ అప్‌డేట్ చేస్తే చాలు.

రెండోది ఏఎండీ రైజెన్ 5 5600జీ. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఇందులోని గ్రాఫిక్స్ ఐ3 కంటే మెరుగు. కార్డు కొనకుండా తేలికపాటి గేమ్స్ ఆడాలనుకుంటే ఇదే నయం. అయితే దీని ఏఎం4 సాకెట్ పాతతరంది. కొత్త ఏఎం5లో భవిష్యత్తు అప్‌గ్రేడ్లు ఎక్కువ. కానీ అందులో డీడీఆర్5 ర్యామే పడుతుంది కాబట్టి బడ్జెట్ పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే పాయింట్ ఒకటుంది. ఇంటెల్ నంబర్ చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో 5600జీకి ఉంటుంది, ఉత్త 5600కి ఉండదు. కొంచెం తక్కువకు వస్తుందని ‘ఎఫ్’ మోడల్ తెచ్చుకుంటే, గ్రాఫిక్స్ కార్డు కొనేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు.

మదర్‌బోర్డులో ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎం.2 స్లాట్లు ఎన్ని అన్నది చూడండి. చవక బోర్డుల్లో ఎక్కువగా ర్యామ్‌కు రెండు, ఎస్ఎస్‌డీకి ఒకటే ఉంటాయి.

ర్యామ్ ధర ఎందుకు మండుతోంది..?

ఆరు నెలల కిందటి బిల్డ్ వీడియో చూసి షాపుకు వెళ్తే షాక్ తప్పదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను భారీగా కొనేస్తుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. క్రూషియల్ బ్రాండ్‌తో సామాన్య కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

మరి ఏం చేయాలి? ఇంట్లో పాత పీసీ ఉంటే ముందు దాని ర్యామ్ చూడండి. డీడీఆర్4 అయితే, డీడీఆర్4 బోర్డు తీసుకుని అదే వాడుకోవచ్చు. డీడీఆర్3 అయితే పనికిరాదు. ఒక రకం ర్యామ్ ఇంకో రకం స్లాట్‌లో పట్టదు.

గ్రాఫిక్స్ కార్డు లేని పీసీలో ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు వేస్తే గేమ్స్, ఎడిటింగ్ బాగా నడుస్తాయి. అంత బడ్జెట్ లేదంటే ఒక్క 8 జీబీతో మొదలుపెట్టి రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోండి. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వాడే బీటెక్ పిల్లలకు మాత్రం 16 జీబీ ఉండాల్సిందే.

స్టోరేజ్ విషయంలో ఆలోచించాల్సింది లేదు. విండోస్ ఎస్ఎస్‌డీలోనే ఉండాలి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ అయితే పాత 3.0 రకమైనా 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. ఫొటోలు, వీడియోలకు పాత హార్డ్ డిస్క్ వాడుకోండి.

ఎస్ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

కొటేషన్‌లో అందరూ చివరికి తగ్గించే లైన్ ఇదే. మంచి ఎస్ఎంపీఎస్‌లో వోల్టేజీ పెరిగినా, షార్ట్ అయినా ఆపేసే రక్షణ ఉంటుంది. నాసిరకంది పాడైతే ఒక్కటే పోదు. మదర్‌బోర్డును, ఎస్ఎస్‌డీని కూడా వెంట తీసుకుపోవచ్చు. ఎస్ఎస్‌డీ పోతే అందులోని ప్రాజెక్ట్ పని, ఇంటి ఫొటోలు కూడా పోయినట్టే.

పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది 450 నుంచి 550 వాట్ల మధ్య తీసుకోండి. రేపు మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డు వేసినా చాలావరకు సరిపోతుంది. లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందేమో చూడండి. లో వోల్టేజీ వచ్చే ఊళ్లలో ఇది బాగా ఉపయోగపడుతుంది. దాంతోపాటు 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉంటే, కరెంటు పోయినా పని సేవ్ చేసి ఆపుకునేంత టైమ్ దొరుకుతుంది.

బెజవాడ ఎండలు.. డెల్టా గాలి

ముందువైపు మొత్తం అద్దం ఉన్న కేబినెట్ వీడియోలో బాగుంటుంది. మన మే నెల ఎండల్లో మాత్రం గాలి ఆడక లోపల ఉడికిపోతుంది. ముందు జాలీ ఉన్నది, రెండు ఫ్యాన్లున్నది చాలు. మచిలీపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఉండేవాళ్లు పీసీని కిటికీ పక్కన పెట్టకండి.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగ్గా లేదని అనుమానించాలి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్ పాయింట్ చూపించండి. ఉరుములు, పిడుగులప్పుడు ప్లగ్ తీసేయండి. పీసీని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లల్లోకి వచ్చినప్పుడు కింద ఉన్న వస్తువులేవీ మిగల్లేదు.

విజయవాడలోనా.. సికింద్రాబాద్ వెళ్లాలా..?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీలో షాపులు ఎక్కువ, రేట్లు పోల్చుకోవచ్చు. కానీ పార్ట్ పాడైతే వారంటీ కోసం మళ్లీ అంత దూరం వెళ్లాలి. రెండు చోట్లా కొటేషన్ తీసుకుని, తేడాలోంచి రైలు చార్జీలు, ఒక రోజు పని తీసేసి చూడండి. తేడా కొద్దిపాటిదే అయితే ఊళ్లోనే కొనడం మేలు.

ఎక్కడ కొన్నా "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అన్న మాటకు లొంగొద్దు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని అనిపిస్తుంది. కానీ బిల్లు లేకపోతే వారంటీ అడగడమే కష్టం. పార్ట్‌ల మోడల్ నంబర్లు, సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకోండి. ప్రాసెసర్ సీల్డ్ బాక్స్‌తో తీసుకోండి. ఐ3-12100, 5600జీ బాక్స్‌లలో కూలర్ కూడా వస్తుంది. విడిగా అమ్మే ‘ట్రే’ ప్రాసెసర్‌కు కూలర్ వేరే కొనాలి. షాపు వాళ్లు ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

డబ్బు చాలకపోతే ఏది తగ్గించాలి..?

ఈ వరుసలో తగ్గించుకుంటూ రండి.

1. రంగు లైట్లు, ఖరీదైన కేబినెట్.
2. గ్రాఫిక్స్ కార్డు. ఏడాది తర్వాతైనా వేసుకోవచ్చు.
3. మానిటర్. హెచ్‌డీఎంఐ ఉన్న ఇంట్లో టీవీతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు.
4. 1 టీబీ ఎస్ఎస్‌డీ బదులు 512 జీబీ.
5. రెండో ర్యామ్ స్టిక్.

మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్ ఈ లిస్ట్‌లో లేవు. వాటి దాకా కోత వస్తోందంటే మాత్రం ఒకటి రెండు నెలలు ఆగి కొనడమే మంచిది.