తెర కింది అక్షరాలు

నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డలో గానీ కొత్త సినిమా వస్తే సందడే సందడి. జనం బాగా వస్తే ఆ బొమ్మ వారాల తరబడి ఆడుతుంది. రాకపోతే తీసేస్తారు. హాలు నడిపే వాళ్లకు ఖర్చులు వెళ్లాలి కదా!

కానీ లోకంలో వేరే రకం సినిమాలు కూడా ఉన్నాయి. వాటిలో ఫైటింగులు ఉండవు. పెద్ద పెద్ద సెట్టింగులు ఉండవు. కూలి మనుషుల బతుకులు, ఆడవాళ్ల కష్టసుఖాలు ఉంటాయి. దేశదేశాల భాషల్లో ఉంటాయి. అవి మామూలు హాళ్లకు రావు. మరి వాటిని చూసేదెట్లా?

ఫిలిం సొసైటీ, ఫిలిం ఉత్సవం

మంచి సినిమాలు చూడాలనుకునే వాళ్లు కొందరు ఒక సంఘంగా చేరతారు. తలా కొంత చందా వేసుకుంటారు. ఒక హాలు మాట్లాడుకుంటారు. సినిమా తెప్పించి చూస్తారు. చూశాక దాని గురించి మాట్లాడుకుంటారు. దీన్నే ఫిలిం సొసైటీ అంటారు. 1947లో సత్యజిత్ రే, ఆయన స్నేహితులు కలకత్తాలో ఇట్లాంటి సంఘం పెట్టారు.

చాలా దేశాల సినిమాలను ఒకేచోట కొన్ని రోజులపాటు చూపిస్తే అది ఫిలిం ఉత్సవం. మన దేశంలో మొదటి అంతర్జాతీయ ఉత్సవం 1952 జనవరిలో బొంబాయిలో మొదలైంది. అందులో మన తెలుగు సినిమా 'పాతాళ భైరవి' చూపించారు. దాన్ని తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి ప్రాంతం మనిషే. 1986లో ఈ ఉత్సవం హైదరాబాదులో జరిగింది. 2004 నుంచి గోవాలో జరుగుతోంది.

సైకిలు పోయింది

1952 ఉత్సవంలో ఇటలీ దేశం సినిమా ఒకటి చూపించారు. పేరు 'బైసికిల్ థీవ్స్'. అంటే సైకిలు దొంగలు. కథ చిన్నదే.

ఒక పేదవాడికి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. ఆ పనికి సైకిలు కావాలి. అతని సైకిలు తాకట్టులో ఉంటుంది. భార్య ఇంట్లోని దుప్పట్లు తీసుకెళ్లి కుదువ పెడుతుంది. ఆ డబ్బుతో సైకిలు విడిపిస్తారు. పనిలో చేరిన మొదటి రోజే సైకిలును దొంగ ఎత్తుకుపోతాడు. అతను కొడుకును వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. దొరకదు. చివరికి దిక్కుతోచక తానే ఒక సైకిలు దొంగిలించబోయి పట్టుబడతాడు.

ఇటలీ ఎక్కడ? మన ఊరు ఎక్కడ? అయినా ఇల్లు గడవడానికి ఉన్న వస్తువు కుదువ పెట్టే ఆడమనిషి మనకు తెలియని మనిషా?

భాష రాకపోతే ఎట్లా?

తెర మీద మనుషులు మాట్లాడుతుంటే, ఆ మాటల అర్థం తెర కింద అక్షరాల్లో కనపడుతుంది. 'మల్లీశ్వరి' సినిమాను కడప జిల్లాకు చెందిన బి.ఎన్.రెడ్డి 1951లో తీశారు. అందులో నాగరాజు శిల్పి, ఆళ్లగడ్డ శిల్పుల లాగే రాతిని చెక్కేవాడు. 1953లో ఆ సినిమాను చైనాలో చూపించారు. తెర కింద చైనా అక్షరాలు వేశారు. వాళ్లు ఆ అక్షరాలు చదువుకుని మన మల్లి కథ తెలుసుకున్నారు.

కానీ మన దేశపు ఉత్సవాల్లో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలే వేస్తారు. తెలుగు మాత్రమే చదవగల వాళ్లకు అక్కడా తలుపు సగమే తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాలు వేయమని అడిగే వాళ్లు ఉండాలి. అడిగే వాళ్లు పెరిగితే వేసే వాళ్లూ వస్తారు.

తెర కింద అక్షరాలు ఎక్కువసేపు నిలవవు. రెండు మూడు క్షణాల్లో పోతాయి. గబగబా చదవాలి. మొదట్లో సగమే అందుతాయి. చూడగా చూడగా అన్నీ అందుతాయి. చదువు కూడా గట్టిపడుతుంది.

ఆడవాళ్ల కథ, ఆడవాళ్ల కెమెరా

1988లో బి.నర్సింగరావు 'దాసి' సినిమా తీశారు. చిన్నప్పుడే అమ్ముడుపోయి, తెలంగాణలో ఒక దొర గడీలో దాసిగా బతికే కమలాక్షి కథ అది. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాను మాస్కో ఉత్సవంలో కూడా చూపించారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతంలో దళిత మహిళలు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్లు పొలం పనులు చేసుకునే వాళ్లు. వారిలో చదువు రాని వాళ్లే ఎక్కువ. అయినా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సాయంతో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ పత్తి రైతుల కష్టాల మీద 2003లో చిత్రం తీశారు. దాన్ని వేరే దేశాల వాళ్లు కూడా చూశారు. పత్తి కష్టం నంద్యాల చేలకూ తెలిసినదే. దాన్ని చెప్పడానికి పట్నం మనుషులే రావాలని లేదు.

మన ఊళ్లో చూడాలంటే?

పొదుపు సంఘం నడిపే ఆడవాళ్లకు ఇది కష్టం కాదు. పది మంది కలవాలి. బడి గది గానీ, పంచాయతీ గది గానీ అడగాలి. ఒక టీవీ ఉన్నా చాలు. సినిమా హక్కులున్న వాళ్ల అనుమతి తీసుకోవాలి. తెర కింద తెలుగు అక్షరాలుంటే, చదువు వచ్చిన ఒకామె గట్టిగా చదవాలి. అప్పుడు చదువు రాని అవ్వకు కూడా కథ అందుతుంది.

మాట్లాడుకుందాం

1. సైకిలు పోగొట్టుకున్న మనిషి చివరికి తానే దొంగతనానికి దిగాడు. తప్పు ఎవరిది?
2. మీ ఊరి ఆడవాళ్ల మీద సినిమా తీస్తే ఏ సంగతి ముందు చూపించాలి?
3. టీవీలో పాట కింద అక్షరాలు వచ్చినప్పుడు ఎన్ని మాటలు చదవగలుగుతున్నారు? ఈ వారం లెక్కపెట్టి చూడండి.