రంగోలీ వచ్చిందా, వదినా?

2019 దీపావళి గుర్తుందా మీకు? మతాబులు, చిచ్చుబుడ్లు, మైసూర్‌పాకు సంగతి అటుంచండి. ఆ పండక్కి చాలా ఇళ్ళల్లో వినిపించిన మాట ఒకటుంది. "మీకు రంగోలీ వచ్చిందా వదినా? ఎక్కువుంటే నాకొకటి పంపరూ!"

గూగుల్ పే వాళ్ళు పెట్టిన ఆట అది. దీపం, జుంకా, పువ్వు, లాంతరు, రంగోలీ... ఈ అయిదు స్టాంపులూ పోగుచేస్తే 251 రూపాయలు. కొన్ని తేలిగ్గానే దొరికేవి. రంగోలీ మాత్రం ఓ పట్టాన చిక్కేది కాదు. రోజూ పొద్దున్నే వాకిట్లో ఇంత ముగ్గు పెట్టే మనమే, ఫోన్లో ముగ్గు కోసం తోడికోడలి దగ్గర్నుంచి ఏడాదికోసారి కూడా పలకరించని దూరపు చుట్టం దాకా అందర్నీ అడిగాం! స్టాంపు వస్తుందేమోనని అవసరం లేకపోయినా డబ్బు అటూ ఇటూ పంపుకున్నవాళ్ళూ ఉన్నారు.

సరదాగానే గడిచింది, కాదనను. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఆ పండగ రోజుల్లో ఆ యాప్‌కి ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసిందెవరు? మనమే కదూ!

పాత చీరలకు స్టీలు గిన్నెలు

వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అని కేక వినిపించేది. గిన్నె ఊరికే వచ్చినట్టే ఉండేది. కానీ ఆ సామాన్లవాడి కన్నంతా మన పట్టుచీర జరీ అంచు మీదే! యాప్‌ల బేరమూ అలాంటిదే. ఇక్కడ గిన్నె అంటే మొదటి ఆర్డరు మీద తగ్గింపు, స్క్రాచ్ కార్డు, ఉచిత డెలివరీ. మరి చీర ఏది? మన అలవాటు, మన ఫోన్లోని వివరాలు, అన్నిటికంటే మించి మన పరిచయాలు.

ఓ చిన్న లెక్క చూడండి. ఇదే గూగుల్ పే 2017 సెప్టెంబరులో 'తేజ్' అనే పేరుతో మొదలైంది. అప్పట్లో మీరు ఒకర్ని చేర్చి, వాళ్ళు మొదటిసారి డబ్బు పంపితే మీకు 51 రూపాయలు, వాళ్ళకి 51. అంటే ఒక్క కొత్త మనిషి కోసం 102 రూపాయలు ఇచ్చారన్నమాట! 2016 డిసెంబరు 30న వచ్చిన 'భీమ్' యాప్‌కి కూడా మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇలాంటి బోనస్ పథకమే ప్రకటించింది.

ఎందుకింత ఉదారం? టీవీలో ప్రకటన రాగానే మనం పోపు చూసుకోవడానికి లేచి వెళ్ళిపోతాం. అదే "నేను వాడుతున్నాను పిన్నీ, బావుంది" అని మీరంటే, పిన్నిగారు మారు మాట్లాడకుండా వేసుకుంటారు. ఆ నమ్మకానికే వాళ్ళు ఖరీదు కడుతున్నది.

ఇందులో తప్పేమీ లేదు. సరుకు అమ్ముకునేవాడికి ప్రచారం కావాలి. కూరగాయల బండి దగ్గర చిల్లర గొడవ తగ్గిందంటే ఈ యాప్‌ల చలవే. చిక్కల్లా ఎక్కడంటే, మేలు చేసే యాప్ అయినా, నిండా ముంచే యాప్ అయినా తలుపు తట్టే తీరు ఒక్కటే!

వంద రూపాయల వెనక

కరోనా లాక్‌డౌన్ రోజుల్లో "అయిదు నిమిషాల్లో అప్పు, కాగితాలక్కర్లేదు" అంటూ కొన్ని యాప్‌లు వచ్చాయి. వేసుకునేటప్పుడే ఫోన్లోని నంబర్లు, ఫొటోలు చూడ్డానికి అనుమతి అడిగేవి. వాయిదా ఆలస్యమైతే ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసేవారు. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. అప్పుల యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు, ఫైళ్ళు, కాల్ వివరాలు చూడకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఇప్పుడు చెప్పండి. అలాంటి యాప్ లింకుని వంద రూపాయల ఆశతో మనం చెల్లెలికి పంపామనుకోండి. వంద మన చేతికొస్తుంది. ఆమె చుట్టపక్కాల నంబర్లన్నీ వాళ్ళ చేతికి పోతాయి!

వేసుకునే ముందు...

* వాట్సాప్‌లో శుభలేఖ అనో, బ్యాంకు కబురనో 'ఏపీకే' అని ఉన్న ఫైలు వస్తే, తెలిసినవాళ్ళు పంపినా సరే, నొక్కకండి. యాప్ కావాలంటే ప్లే స్టోరులోకి వెళ్ళి వెతుక్కోండి.

* అయిదు చుక్కలు చూసి మురిసిపోవద్దు. ఆర్డరు అందిన సంతోషంలో ఉన్నప్పుడు చూసి మరీ చుక్కలడుగుతారు. ఒక చుక్క ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదవండి. వంకాయ కొనేటప్పుడు వెనక్కి తిప్పి పుచ్చు చూడమూ?

* వంటల యాప్‌కి మన ఫోన్ నంబర్లతో పనేమిటి? అక్కర్లేనిది అడిగితే 'వద్దు' అనండి. అయినా వదలకపోతే యాప్‌నే వదిలేయండి.

* "ఇంకా పది నిమిషాలే" అని తొందరపెట్టడం, బుట్టలో మనం వేయనిది వేయడం, "వద్దు, నాకు పొదుపు ఇష్టంలేదు" అని మనచేతే అనిపించి సిగ్గుపడేలా చేయడం... ఇలాంటి 13 రకాల మాయల్ని 2023 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాల్లో పేర్కొని నిషేధించింది. ఇలా మోసపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

* 'మొదటి నెల ఉచితం' అని చేరి, నచ్చక యాప్ తీసేశారా? యాప్ పోయినా చందా పోదు! ప్లే స్టోరులో 'సబ్‌స్క్రిప్షన్స్', యూపీఐ యాప్‌లో 'ఆటోపే' చూసి రద్దు చేసుకోండి.

* డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో ఏమంటారోనని దాచిపెట్టొద్దు. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

* మీరు స్వయంగా ఓ నెల వాడి, బావుందనిపిస్తేనే లింకు పంపండి. "నాకూ ఇంత వస్తుంది" అని దాచకుండా చెప్పండి. అలాగే నిజంగా నచ్చిన యాప్ గురించి తెలుగులోనే నాలుగు మాటలు రాయండి. అది ఇంకో ఇల్లాలికి ఉపయోగపడుతుంది.

వీధిలో కొత్త పాలవాడు వస్తే "పాలు చిక్కగా ఉంటాయా అక్కయ్యా?" అని అడిగేది మిమ్మల్నే. మీరు 'ఊఁ' అంటే పోయించుకుంటారు, పెదవి విరిస్తే మానేస్తారు. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న ఆ మాటని 51 రూపాయలకి అమ్ముకుంటామా? ఈసారి లింకు పంపే ముందు ఒక్కసారి గుర్తుచేసుకోండి.